మూడో వాక్యం

పీటర్‌హెడ్ రేవులో ఫిబ్రవరి.
వించ్ తాడు తెగి
టార్క్విల్ తలకు ఒకసారి,
కుడిచేతికి రెండుసార్లు తగిలింది.
జరిగింది అంతే.
మిగతాదంతా ఫోన్లు.

ఆబర్డీన్ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు
ఒక సంచిలో మందులిచ్చారు,
ఇంకో సంచిలో కాగితాలు.
మందుల సంచే తేలిక.

ఆ తర్వాత మనుషులు రావడం మొదలైంది.
చేతి కోసం ఒకరు, మాట కోసం ఒకరు,
మూర్ఛ మాత్రల కోసం ఒకరు,
పడవ యజమాని తరఫున బీమా మనిషి
అనుమానాల కోసం.
ఒకే రోజు ఒకే గంటకు ఇద్దరు.
ఆపైన పదహారు రోజులు గుమ్మంలో ఎవరూ లేరు.
వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటినుంచి చెప్పాను
తాడు ఎలా తెగిందో.
చెప్పగా చెప్పగా
అది ఇంకెవరి మొగుడి సంగతో అయిపోయింది.

ఇష్బెల్ మక్రే ఏప్రిల్‌లో వచ్చింది, తడిసిన గొడుగుతో.
కేస్ మేనేజర్‌ని అంది.
నాకు నవ్వొచ్చింది. కేసు ఎవరు, ఆయనా? నేనా?
"ఇద్దరూ" అంది
గొడుగు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ.

తాడు సంగతి అడగలేదు.
ఆదివారం పొద్దున ఏం చేసేవాడని అడిగింది.
నాకంటే ముందు లేచి టీ పెట్టేవాడు, అన్నాను.
తర్వాత కాసేపు నా గొంతు నా మాట వినలేదు.
ఆమె అదే రాసుకుంది.
మొదటి పేజీలో, అన్నిటికంటే పైన.

ఆమె చేసిన పనులు చెప్పమంటే
చెప్పుకోదగ్గవి కావు.
మోకాళ్ళ మీద కూర్చుని మెట్ల ఎత్తు కొలిచింది.
మాట నేర్పే అమ్మాయినీ చేతి డాక్టర్నీ
మా వంటింటి బల్ల దగ్గరే కూర్చోబెట్టి
మధ్యాహ్నానికి వాలిపోయే మనిషికి
పాఠాలన్నీ మధ్యాహ్నమే ఏమిటని అడిగింది.
బీమా కంపెనీకి పదకొండు ఉత్తరాలు రాసింది.
పన్నెండోదానికి జవాబొచ్చింది,
స్నానాల గది తలుపు వెడల్పయింది.

మేలో కెటిల్ మాడి అడుగు ఊడిపోయింది.
పక్కింటి గెవిన్‌కు వాసన తగిలింది కాబట్టి సరిపోయింది,
టార్క్విల్ కిటికీలోంచి గల్‌పక్షుల్ని చూస్తున్నాడు.
ఆ రాత్రి నేను అరిచాను.
ఆయన ప్లేటు గోడకేసి కొట్టాడు.
ఇష్బెల్‌కి ఫోన్ చేసి
"ఈ మనిషి మా ఆయన కాదు" అన్నాను.

ఓదార్చలేదు.
"అవును, కొంత కాదు" అంది.
"మిగిలినంతతో ఎలా బతకాలో చూద్దాం.
ముందిది చెప్పు మర్సాలీ,
నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

వారానికి రెండు రాత్రులు
ఎవరో వచ్చి కూర్చునే ఏర్పాటు చేసింది.
మొదటి రాత్రి మా అక్క ఇంట్లో
బూట్లు విప్పకుండానే పడుకున్నాను.
లేచేసరికి మర్నాడు మధ్యాహ్నం.

ఇక ఈ అక్టోబరు.
ఇష్బెల్ ఇప్పుడు నెలకోసారే వస్తోంది,
రావడం తగ్గించడం కూడా తన పనేనట.
మేం మాట్లాడుతుండగా టార్క్విల్ లేచాడు.
ఎడంచేత్తో కొళాయి తిప్పాడు.
నేను లేవబోతే
బల్ల కింద ఆమె నా మణికట్టు పట్టుకుంది.
గ్యాస్ వెలిగిన చప్పుడు.
ఎంతసేపో.

మూడు కప్పులు తెచ్చాడు, ఒకటి సగం ఒలికి.
ఆవిరి తేరుకున్నాక
కప్పు అడుగున నీలం లంగరు బొమ్మ
స్పష్టంగా కనిపించింది.
ఉత్త వేడినీళ్ళు.

ఆయన తన కప్పులోకి చాలాసేపు చూశాడు.
"ఏదో తక్కువైంది" అన్నాడు.
"అయింది" అంది ఇష్బెల్, ఇంకో గుక్క తాగి.
ముగ్గురం చివరిదాకా తాగాం.

ఆమె వెళ్ళాక
నాకిచ్చిన కాగితం చదివాను.
నీళ్ళు కాచాడు.
టీ పొడి మరిచాడు.
ఎవరూ చెప్పకుండా పొయ్యి ఆపాడు.

రాత్రి లేచి వెళ్ళి
పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశాను.
చల్లగా ఉంది.
మళ్ళీ వచ్చి పడుకున్నాను.